ముందు పొడి, తర్వాత తడి

నవంబర్ 4, సోమవారం

డాక్టరమ్మ ఈ డైరీ రాయమంది. రోజూ మూడు విషయాలు రాయాలట. పాప ఎన్నిసార్లు దగ్గింది, ఇంట్లో దుమ్ము ఎలా ఉంది, కొత్తగా ఏమైనా మారిందా. దీనికి ఫోన్లో ఒక షీటు చాలదా అంటే, "చేత్తో రాయండి, అప్పుడే గమనిస్తారు" అంది. సరే. ఆ మూడు ముక్కలు ఆమె కోసం, మిగతాదంతా నా కోసం. ఆమెకు చూపించే రోజున మిగతాది చింపేస్తాను.

కావ్యకు ఆరేళ్లు. చలి మొదలైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు. దుమ్ము తగ్గించండి అంది డాక్టరమ్మ. కొత్తగూడలో ఉంటూ దుమ్ము తగ్గించాలట! మా ఇంటికి ఒక పక్క ఫ్లైఓవరు, ఇంకో పక్క నలభై అంతస్తుల టవరు లేస్తోంది. పొద్దున తుడిచిన టీపాయ్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. కావ్య రాస్తుంది కూడా. నిన్న తన పేరు రాసుకుని పక్కన పువ్వు గీసింది.

ఇవాళ దుమ్ము కొలిచే మీటరు వచ్చింది. ఆన్ చేయగానే 94, ఎర్ర లైటు. "అంకె తెలిస్తే దుమ్ము పోతదా?" అంది రేఖ. పెళ్లయిన నాటి నుంచీ ఇంతే, నేను ఏది కొన్నా ముందు ఒక చురక. పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, అంకె లేకుండా నాకు ఏ పనీ మొదలుకాదు.

దగ్గు: 6. మీటరు: 94. కొత్తగా: ఏమీ లేదు.

నవంబర్ 6, బుధవారం

కర్టెన్లు తీసేశాను. తివాచీ చుట్టి అటక మీద పడేశాను. మెత్తటి బొమ్మలన్నీ వేడినీళ్లలో ఉతికించాను. కుందేలు చెవి ఊడింది, కావ్య గంటసేపు ఏడ్చింది.

అసలు చిక్కు సాయమ్మ చీపురుతో. మా ఇంటి పనికి రెండేళ్లుగా వస్తోంది. మనిషి మంచిదే. కానీ ఆమె ఊడుస్తుంటే ఎండ పడిన చోట దుమ్ము లేవడం చూశాను, అదంతా పాప ఊపిరిలోకే పోతుంది. ఇక చీపురు బంద్. ఒక పద్ధతి రాసి పెట్టాలనుకున్నాను. రెండు గంటలు కూర్చుని రాశాను.

పై నుంచి కిందికి.
ముందు పొడి, తర్వాత తడి.
కిటికీలు మూసి.

మొదట "ముందు పొడి గుడ్డతో, తర్వాత తడి గుడ్డతో" అని రాశాను. చప్పగా ఉంది. గుడ్డలు రెండూ తీసేస్తే పాటలా కుదిరింది. మా టీములో రాకేశ్ ఎప్పుడూ అంటాడు, "అన్నా, నువ్వు రాస్తే మళ్లీ అడిగే పనే ఉండదు" అని. లామినేషన్ చేయించి వంటింటి గోడకు అంటించాను. చాలాసేపు అక్కడే నిలబడి చూసుకున్నాను.

దగ్గు: 5. మీటరు: 71. కొత్తగా: ఏమీ లేదు.

నవంబర్ 7, గురువారం

సాయమ్మకు చదువు రాదు. నేనే రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె వేళ్లు మడుస్తూ అప్పజెప్పింది.

"పైనకెల్లి కిందికి. ముందు పొడి, తర్వాత తడి. కిటికీలు బంద్. గంతే గద సార్? మా ఆఫీసు బాత్రూంలల్ల గూడ గట్లనే నేర్పిండ్రు."

మధ్యాహ్నం నుంచి ఆమె ఒక ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. కంపెనీ పద్ధతీ నా పద్ధతీ ఒకటే అయినందుకు గర్వంగా అనిపించింది.

"గిట్ల చేస్తే దగ్గు తగ్గుతదా సార్?"

"తగ్గుతుంది సాయమ్మా. ఊరికే రాయలేదు, బాగా చదివి రాశాను."

ఆమె ఆ కాగితం వంక దేవుడి పటాన్ని చూసినట్టు చూసింది. ఆమె భర్త రాములు ఏళ్ల తరబడి టైల్స్ కోసే పని చేశాడు. ఇప్పుడు ఆగని దగ్గుతో లింగంపల్లిలో ఇంటిపట్టునే ఉంటున్నాడు.

ఆమె పని చేసే వేళకు నాకు రోజూ టీము కాల్. తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను. నీలం రంగు గుడ్డలు నాలుగు కొత్తవి తెచ్చాను. "కావాల్సినవన్నీ సింకు కింద ఉన్నాయి, తీసుకో" అని చెప్పాను.

దగ్గు: 5. మీటరు: 48. కొత్తగా: ఏమీ లేదు.

నవంబర్ 11, సోమవారం

మీటరు 22! పచ్చ లైటు. ఫోటో తీసి రేఖకు పంపాను, బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొచ్చింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"ఏంది శివా, ఇల్లంతా దవాఖాన వాసన?"

"శుభ్రంగా ఉన్న ఇల్లు అలాగే ఉంటుంది."

"జర కిటికీ తెరువు."

"తెరిస్తే మళ్లీ తొంభైకి పోతుంది."

తెరవలేదు. సాయమ్మ నీళ్లలో ఫినాయిల్ లాంటిదేదో కలుపుతోంది కాబోలు. మంచిదేగా.

దగ్గు: 8. కొత్తగా: ఏమీ లేదు.

నవంబర్ 13, బుధవారం

సాయమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని పని చేస్తోంది. "కిటికీ తెరుస్త సార్, గొంతు పట్టుకుంటున్నది" అంది. దుమ్మొస్తుంది, వద్దన్నాను. మొత్తానికి ఆమె కూడా దుమ్మును పట్టించుకుంటోంది, సంతోషం.

దగ్గు: 9.

నవంబర్ 18, సోమవారం

కాల్ మధ్యలో సాయమ్మ తలుపు తీసింది. "సార్, పొడి అయిపోయింది."

మ్యూట్‌లో పెట్టి, "వెరీ గుడ్. మరి ఆగావెందుకు? తడి మొదలుపెట్టు" అన్నాను.

"అయిపోయింది సార్," అంది మళ్లీ.

"విన్నాను సాయమ్మా. కానివ్వు."

"సరే తియ్యుండ్రి, నేనే జూసుకుంట" అని వెళ్లింది. ఒక్కో మెట్టు పూర్తికాగానే వచ్చి చెబుతోంది! మా టీములో ఒక్కడికైనా ఈ బుద్ధి ఉంటే బాగుండు.

దగ్గు: 11. మీటరు: 19. కొత్తగా: ఏమీ లేదు.

నవంబర్ 21, గురువారం

అంకెలు బాగున్నాయి, పాప బాగాలేదు. ఇదేమిటో అర్థం కావడం లేదు.

ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె అడిగింది, "ఇంట్లో కొత్తగా రసాయనాలేమైనా వాడుతున్నారా? ఫినాయిల్, బ్లీచింగ్ లాంటివి?"

"లేదండీ. గుడ్డతో తుడవడమే."

రేఖ నా వైపు తిరిగింది. "మరి ఆ వాసన?"

"అది శుభ్రత వాసన" అని నవ్వేశాను. డాక్టరమ్మ నవ్వలేదు. మందు ఆవిరి పట్టే యంత్రం రాసిచ్చింది. మాస్కు పెట్టుకున్న కావ్య అద్దంలో చూసుకుని, "నాన్నా, నేను ఏనుగునా?" అంది. ఏనుగువేనమ్మా అన్నాను. ఆ గొట్టం జారకుండా తన చిన్న వేళ్ల కింద నా చెయ్యి పెట్టాను.

దగ్గు: 14. మీటరు: 18. కొత్తగా: ఏమీ లేదు.

నవంబర్ 25, సోమవారం

దొరికింది. పాప మంచం కింద, గోడ వెంబడి సన్నటి గీతలా తెల్లటి దుమ్ము. సోఫా వెనక కూడా ఉంది. టవరు నుంచి వచ్చిన సిమెంటు దుమ్మే అయ్యుంటుంది, సందేహం లేదు. సాయమ్మ మూలలు ముట్టుకోవడమే లేదన్నమాట. నేనేమో గుడ్డిగా నమ్మాను. ఫోటోలు తీసి పెట్టాను.

దగ్గు: 15.

నవంబర్ 26, మంగళవారం

సాయమ్మను రావద్దని చెప్పేశాను.

ఫోటో చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. "మీరు జెప్పినట్లే చేసిన సార్."

"ఇది నేను చెప్పినట్టా?"

"ముందు పొడి, తర్వాత తడి. ఒక్క పూట గూడ తప్పలే."

ఎదురు మాట్లాడటం నచ్చలేదు. పాప ఆరోగ్యం విషయంలో మొహమాటాలు పనికిరావు అన్నాను. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "పాప పైలం సార్" అని వెళ్లిపోయింది.

నవంబర్ 27, బుధవారం

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పెట్టాను. "ఇదీ శుభ్రత. పిల్లలున్న ఇళ్లవాళ్లు జాగ్రత్త." అంతే రాశాను. గేటు యాప్‌లో ఆమెకు ఒక్క స్టారు ఇచ్చాను. సాయంత్రానికి ఆమె పొద్దున పూట పని చేసే మిగతా మూడు ఫ్లాట్లవాళ్లు కూడా మానిపించారు. సెక్రటరీ రాజేందర్ గారు గేటు యాప్‌లోంచి ఆమె పేరే తీసేశారు, ఇక గేటు లోపలికి రానివ్వరు.

అంత దూరం వెళ్తుందనుకోలేదు. నేను ఫోటో పెట్టాను, అంతే.

డిసెంబర్ 3, మంగళవారం

వారంగా ఇల్లు నేనే తుడుస్తున్నాను. నా పాత టీషర్టులు చింపి, ముందు పొడి గుడ్డ, తర్వాత తడి గుడ్డ. నడుము విరిగిపోతోంది. కానీ పాప దగ్గు రెండుకు దిగింది! నేను అనుకున్నదే నిజమైంది.

"ఆ వాసన గూడ పోయింది, చూసినవా?" అంది రేఖ.

అవును, పోయింది.

దగ్గు: 2. మీటరు: 31. కొత్తగా: మనిషిని మార్చాం.

డిసెంబర్ 5, గురువారం

దగ్గు: 0. 0. 0. మూడుసార్లు రాసుకోవాలనిపించింది.

డిసెంబర్ 8, ఆదివారం

కావ్యకు బడిలో గుణింతాలు అయిపోయాయి. కనబడిన ప్రతిదీ చదువుతోంది. పొద్దున ఇడ్లీ తింటూ వంటింటి గోడ మీది కాగితం మొదలుపెట్టింది.

"ముం...దు పొ...డి. నాన్నా, ఏ పొడి? కారప్పొడా, కందిపొడా?"

నేను నవ్వాను. పొయ్యి దగ్గర రేఖ కూడా నవ్వింది. "పొడి అంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. నోట్లో ఇడ్లీ అలాగే ఉండిపోయింది.

సార్, పొడి అయిపోయింది.

సింకు కింది తలుపు తెరిచాను. నాలుగు నీలం గుడ్డల్లో ఒక్కటే వాడినట్టుంది, మిగతా మూడూ మడత కూడా విప్పలేదు. వాటి వెనక ఖాళీ బ్లీచింగ్ పౌడరు ప్యాకెట్టు, చక్కగా మడిచి రబ్బరుబ్యాండు వేసి ఉంది. ఎండాకాలంలో మోరీ పొంగినప్పుడు రేఖ తెప్పించింది.

ఫోన్లో ఆ పాత ఫోటో తెరిచి చూశాను. గోడ వెంబడి తెల్లటి గీత. సిమెంటు అంత తెల్లగా ఉండదు, ఆ సంగతి నాకు అప్పుడు కూడా తెలుసు.

"ఏమైంది?" అంది రేఖ.

"ఏం లేదు."

ప్యాకెట్టు చెత్తబుట్టలో వేసి, పైన న్యూస్‌పేపరు కప్పాను.

డిసెంబర్ 9, సోమవారం

ఇంకా ఎక్కడో ఒక ఆశ. కిందికెళ్లి వాచ్‌మన్ బాలనర్సయ్యను మాటల్లో పెట్టి, సాయమ్మ ఏదైనా పొడి తీసుకెళ్లేదా అని అడిగాను.

"అవు సార్. మోరీలల్ల ఏసెటందుకు సెల్లార్ల బ్లీచింగ్ సంచి ఉంటది గద, గండ్లకెల్లి కవర్ల కొంచెం కొంచెం తీస్కపోయేది. 'పొడి అయిపోయిందంటే సార్ ఇనలే నర్సన్నా, పాపకు ఒక్క దినం గూడ ఆగొద్దు' అని. ఎందుకు సార్, ఏమైంది?"

మూసిన కిటికీల మధ్య, ముక్కుకు కొంగు చుట్టుకుని, నా బిడ్డ గదిలో ఆమె రోజూ దాన్ని చల్లింది. ఆ కిటికీలు మూయించింది నేనే. గొంతు పట్టుకుంటోందంటే తెరవనివ్వలేదు. పాప దగ్గులు రోజూ లెక్కపెట్టి ఈ పుస్తకంలో రాసుకుంటూ, పక్కనే 'ఏమీ లేదు' అని రాశాను. నామీద నాకే అసహ్యం వేసింది.

అయినా బాలనర్సయ్యతో ఏమన్నాను? "ఏం లేదులే. ఈ సంగతి ఎవరితోనూ అనకు." అదీ నేను.

డిసెంబర్ 10, మంగళవారం

గ్రూపుకు రాసి, కొట్టేసినవి:

"సమాచార లోపం వల్ల..."

"ఇరువైపులా జరిగిన పొరపాటు..."

"భాషలోని ఒక చిన్న అయోమయం..."

మూడూ ఆఫీసు మెయిళ్లలాగే ఉన్నాయి. తప్పు జరిగిందట, చేసినవాడెవడూ లేడట.

డిసెంబర్ 11, బుధవారం

ఆఫీసులో రిలీజు. కుదరలేదు. రేపు.

డిసెంబర్ 12, గురువారం

రేపు.

డిసెంబర్ 13, శుక్రవారం

"కొత్త మనిషి దొరుకుతలేదు. సాయమ్మనే మళ్ల పిలుద్దామా? పాప బాగైంది గద" అంది రేఖ. చూద్దాం అన్నాను. అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆమెకు కంపెనీ పని ఎలాగూ ఉంది. ఇంకో అపార్ట్‌మెంట్‌లో ఇళ్లు దొరికే ఉంటాయి. వారం ఆలస్యమైతే కొంప మునిగేదేముంది?

దగ్గు: 0.

డిసెంబర్ 15, ఆదివారం

వెళ్లాను. బాలనర్సయ్యను అడిగి గుర్తులు తెలుసుకున్నాను. లింగంపల్లి స్టేషను వెనక గల్లీ, కిరాయి గది. లామినేషన్ కాగితం గోడ మీంచి పీకి వెంట తీసుకెళ్లాను. అది చూపిస్తే చెప్పడం తేలికవుతుందనుకున్నాను.

సాయమ్మ తలుపు తీసింది. నన్ను చూసి గాభరాపడింది.

"సార్! పాప మంచిగున్నదా?"

"బాగుంది సాయమ్మా. ఆ పొడి గురించి..."

"పొడి తెచ్చిండ్రా సార్? మా తాన గూడ అయిపోవచ్చింది."

నాకు అర్థం కాలేదు. అంతలో ఆ వాసన తగిలింది. మా ఇంటి వాసనే.

ఒకటే గది. ఉన్న ఒక్క కిటికీని అట్టముక్కతో మూసేశారు. గోడ వెంబడి తెల్లటి గీత. మంచం మీద కూర్చున్న రాములు నన్ను చూసి దండం పెట్టబోయాడు. దగ్గు వచ్చి, పెట్టలేకపోయాడు.

"మీరే జెప్పిండ్రు గద సార్, గిట్ల చేస్తే దగ్గు తగ్గుతదని," అంది సాయమ్మ. "ఇండ్లు బందయినంక పొద్దుగాల ఇంటికాన్నే ఉంటున్న. పన్నెండు దినాలాయె, రెండు పూటల చేస్తున్న. పైనకెల్లి కిందికి, ముందు పొడి, తర్వాత తడి. తగ్గుడు ఏమో గని, ఎక్కువైతున్నది సార్. నేనే ఎక్కడ్నో తప్పు చేస్తున్న కావచ్చు."

తలుపు పట్టుకున్నాను. ఎనిమిదో తారీఖు పొద్దున నాకు తెలిసింది. ఇవాళ పదిహేను. ఏడు రోజులు, రోజుకు రెండు పూటలు. నేను 'రేపు' అని రాసుకున్న ప్రతి రోజూ ఆమె ఇక్కడ ఆ పొడి చల్లింది.

చెప్పాను. అట్టముక్క లాగేస్తూ, తొందర తొందరగా, తడబడుతూ అంతా చెప్పేశాను. ఆమె రాములు వైపు చూసింది. తర్వాత నా చేతిలోని కాగితం వైపు చూసింది.

"పొడి అంటె బట్టనా సార్?"

"పొడి గుడ్డ. తడపని గుడ్డ."

"గుడ్డ అని రాయలేదా మరి?"

"ముందు రాశాను. తర్వాత తీసేశాను."

"ఎందుకు సార్?"

ఆమె నిజంగానే తెలియక అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది. పాటలా ఉండాలని తీసేశానని ఆమెకు ఎలా చెప్పను?

"తడి గుడ్డ ఇవ్వు సాయమ్మా, నేను తుడుస్తాను" అన్నాను. బకెట్టు అందుకోబోయాను. ఆమె పక్కకు జరుపుకుంది.

"మీరు బయట ఉండుండ్రి సార్. నా ఇల్లు నేను తుడుసుకుంట."

గల్లీలో నిలబడ్డాను. లోపల గుడ్డ పిండుతున్న చప్పుడు, మధ్యమధ్యన రాములు దగ్గు. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను.

వచ్చేముందు, రాములును రేపు దవాఖానకు తీసుకెళ్తానన్నాను. సాయమ్మ గుడ్డ పిండుతూనే ఉంది. రాములే, "వస్త సార్" అన్నాడు.

డిసెంబర్ 16, సోమవారం

నిన్న ఇంటికి రాగానే ఈ పుస్తకం రేఖ చేతికిచ్చాను. చదివి, మూసి, ఒక్క మాటే అంది. "వారం దినాలు నాతోని గూడ చెప్పలేదు." లోపలికెళ్లి పాప పక్కన పడుకుంది.

పొద్దున గ్రూపులో పెట్టాను. "ఆ ఫోటోలోది దుమ్ము కాదు, బ్లీచింగ్ పౌడరు. సాయమ్మ నేను చెప్పినట్టే చేసింది. నేను తప్పుగా రాసి, ఆమె చెప్పబోతే వినకుండా, ఆమె పని పోగొట్టాను. మా పాపకు దగ్గు పెరిగింది నా వల్లే." రాజేందర్ గారు ఫోన్ చేసి, "ఇలాంటివి గ్రూపులో ఎందుకు సార్, డిలీట్ చేయండి" అన్నారు. చేయనన్నాను. సాయమ్మ పేరు గేటు యాప్‌లో మళ్లీ పెట్టించాను. రావాలో వద్దో ఆమె ఇష్టం. వస్తానని చెప్పలేదు.

పదింటికి దవాఖానలో ఉన్నాం. గంట క్యూ. కుర్ర డాక్టరు రాములు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. ఎక్స్‌రే రాశాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఈమధ్య ఇంట్లో కొత్తగా ఏమైనా మారిందా?"

సాయమ్మ నా వైపు చూసింది. రాములు కూడా చూశాడు. నేను చెప్పాను.

పేజీలేవీ చింపలేదు. డాక్టరమ్మకు పుస్తకం ఇలాగే ఇస్తాను.

దగ్గు: కావ్యకు 0. రాములుకు, క్యూలో ఉన్న గంటలో, 31.
మీటరు: చూడలేదు.
కొత్తగా: పొడి. నేను రాసింది.